గర్భిణి ఎంత బరువు పెరగాలి? ఒకే ప్రశ్నకి ఇన్ని జవాబులు ఎందుకున్నాయి

ఊళ్లో ఏఎన్ఎంని అడిగితే 9 నుంచి 11 కిలోలు అంటుంది. టౌన్లో డాక్టరమ్మ 10 నుంచి 12 అంటుంది. ఫోన్లో వేసుకున్న ప్రెగ్నెన్సీ యాప్ 11.5 నుంచి 16 అని చూపిస్తుంది. ఇక ఇంట్లో చెప్పేవాళ్లకి కొదవే లేదు. ఒకరు "ఇప్పుడు నువ్వు ఇద్దరికి సరిపడా తినాలమ్మా" అని నెయ్యి మరో గరిటె వేస్తారు, ఇంకొకరు "మరీ తింటే బిడ్డ పెద్దదైపోయి కాన్పు కష్టమవుతుంది" అని ఆ ముద్ద దగ్గరే ఆపేస్తారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి మాట వాళ్లకి ఎక్కణ్ణించో వచ్చింది, ఒక్కో అంకె వెనకాల ఒక్కో కాలంలో పుట్టిన ఒక్కో భయం ఉంది, ఆ భయాలు ఒకదానికొకటి ఎదురు. అందుకే లెక్కలు కలవవు.

ముందు ఆ పెరిగే బరువు ఎక్కడికి పోతుందో చూద్దాం. ఎందుకంటే "బిడ్డ మూడు కిలోలే కదా, మిగతాదంతా కొవ్వేనా?" అని మొహం మాడ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

కాదు. నెలలు నిండేసరికి ఒక గర్భిణి 12 కిలోల దాకా పెరిగిందనుకోండి. బిడ్డ మూడు కిలోలు, మన దగ్గర సగటున దానికి కాస్త తక్కువే. మాయ అరకిలో పైచిలుకు. ఉమ్మనీరు ముప్పావు కిలో నుంచి కిలో దాకా. గర్భసంచి తానే సుమారు ఒక కిలో బరువెక్కుతుంది. రొమ్ములు మరో అర కిలో లోపు. ఒంట్లో రక్తం పెరగడం వల్ల కిలోంబావు దాకా, కణజాలంలో చేరే నీరు కిలోన్నర దాకా. ఇవన్నీ పోగా మిగిలే మూడు కిలోల చిల్లర కొవ్వు. అది కూడా ఊరికే వచ్చి కూర్చున్నది కాదు. పుట్టిన బిడ్డకి పాలివ్వడానికి మొదటి ఆరు నెలల్లో తల్లికి రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలని హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఆ ఖర్చులో కొంత ఈ నిల్వలోంచే పోతుంది. కాబట్టి కాటా మీద కనిపించే అంకెలో బిడ్డ ఉంది, నీరు ఉంది, రక్తం ఉంది, కొవ్వు ఉంది, కాటా మాత్రం వీటిని విడదీసి చెప్పదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా గందరగోళం సగం తీరుతుంది.

భయాల చరిత్ర

1889లో జర్మనీలో ప్రోకోవ్నిక్ అనే డాక్టరు గర్భిణులకి ఒక డైట్ రాశాడు. పిండిపదార్థాలు తక్కువ, నీళ్లు తక్కువ. ఉద్దేశం ఏమిటంటే, కటి ఎముకలు ఇరుకుగా ఉన్న ఆడవాళ్లకి బిడ్డ చిన్నగా పుడితే కాన్పు సులువవుతుందని. అప్పటికి సిజేరియన్ అంటే ప్రాణాలమీదికి వచ్చే పని, కాబట్టి ఆ ఆలోచనలో తర్కం లేకపోలేదు. మన పల్లెల్లో పెద్దవాళ్లు "బిడ్డ పెద్దదైతే బయటికి రాదు, కాస్త తగ్గించి తిను" అన్నది కూడా సరిగ్గా ఇదే తర్కం, ప్రోకోవ్నిక్ పేరు వినకుండానే. ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ లావైపోతుందని వాటిని దిండు కింద దాచేయడం దీని కొనసాగింపే. వాళ్లని మూఢనమ్మకాల మనుషులని వెక్కిరించే ముందు, ఆపరేషన్ లేని రోజుల్లో అడ్డం తిరిగిన కాన్పుల్ని కళ్లారా చూసిన తరాల నుంచి వచ్చిన మాట అదని ఒప్పుకోవాలి. కాకపోతే ఇప్పుడు పరిస్థితి మారింది. ఐరన్ మాత్ర రక్తం కోసం, బిడ్డ లావు కోసం కాదు. అరకడుపు తినడం వల్ల బిడ్డ తల చిన్నదై కాన్పు సుఖంగా జరగడం కన్నా, బిడ్డ రెండున్నర కిలోల లోపు పుట్టి ఇన్ఫెక్షన్లతో సతమతమవడమే ఎక్కువ.

రెండో భయం అమెరికాలో పెరిగింది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో అక్కడి డాక్టర్లు గుర్రపువాతానికి (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం) బరువు పెరగడమే కారణమనుకుని, 7 నుంచి 9 కిలోలు దాటకూడదని గట్టిగా కట్టడి చేసేవారు. నెల నెలా కాటా ఎక్కించి చీవాట్లు పెట్టడం అనే అలవాటు ఎక్కువగా ఆ రోజులదే. తర్వాత ఆ కట్టడి వల్ల బిడ్డలు తక్కువ బరువుతో పుడుతున్నారని తేలి, 1970లో అక్కడి నేషనల్ అకాడమీ పరిమితిని పైకి జరిపింది. 1990లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అందరికీ ఒకే అంకె పనికిరాదని, గర్భానికి ముందు తల్లి బరువుని బట్టి వేర్వేరు పరిమితులు పెట్టింది. ఈలోగా మూడో భయం వచ్చి కూర్చుంది: ఊబకాయం, షుగర్, నాలుగు కిలోల బిడ్డలు. 2009లో ఆ పట్టికని సవరించారు. మీ యాప్ చూపించేది దాన్నే.

ఆ పట్టిక ఇలా ఉంటుంది. గర్భానికి ముందు బీఎంఐ 18.5 కన్నా తక్కువుంటే మొత్తం 12.5 నుంచి 18 కిలోలు. 18.5 నుంచి 24.9 మధ్య ఉంటే 11.5 నుంచి 16. 25 నుంచి 29.9 ఉంటే 7 నుంచి 11.5. 30 దాటితే 5 నుంచి 9. కవలలైతే ఇది వర్తించదు, మామూలు బరువున్న తల్లికి 17 నుంచి 25 దాకా వెళ్తుంది. బీఎంఐ అంటే పెద్ద లెక్కేం కాదు, బరువుని కిలోల్లో తీసుకుని ఎత్తుతో, అంటే మీటర్లలో, రెండుసార్లు భాగించడమే.

మరి మన ఏఎన్ఎం చెప్పే 9-11 ఎక్కడిది? కేంద్ర ఆరోగ్య శాఖ ఏఎన్ఎంలకి ఇచ్చిన మార్గదర్శకాల్లోది. మొదటి మూడు నెలలు దాటాక నెలకి సుమారు రెండు కిలోలు పెరగాలని, తిండి చాలకపోతే మొత్తం 5-6 కిలోల దగ్గరే ఆగిపోతుందని, నెలలో మూడు కిలోలు దాటితే అనుమానించి బీపీ, మూత్రం చూడాలని అందులో ఉంది. ఇది బీఎంఐ చూడదు. పొట్టిగా, సన్నగా ఉండి రోజంతా పొలంలో పనిచేసే సగటు గ్రామీణ స్త్రీని మనసులో పెట్టుకుని, క్యాలిక్యులేటర్ లేకుండా ఒక నర్సమ్మ గుర్తుపెట్టుకోగలిగేలా రాసిన లెక్క. ఆ పనికి అది మంచి లెక్కే. ఇబ్బందల్లా ఆ సగటు స్త్రీ ఇప్పుడు ఎంతమంది అన్నదే.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 36.3 శాతం మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు, 14.8 శాతం మంది మరీ సన్నగా ఉన్నారు. తెలంగాణలో ఆ అంకెలు 30.1, 18.8. అంటే ఒకే అంగన్వాడీ ముందు కూర్చున్న గర్భిణుల్లో ఒకరికి 15 కిలోలు పెరగమని, పక్కనున్నావిడకి 8 దగ్గర ఆగమని చెప్పాల్సిన పరిస్థితి. గోడ మీద ఒకే పోస్టరు, అందరికీ ఒకే సలహా ఇక్కడ చెల్లవు.

మన ఒళ్లు, వాళ్ల పట్టిక

ఇక్కడ ఇంకో చిక్కుంది, డాక్టర్లలో కూడా ఏకాభిప్రాయం లేనిది. 152 సెంటీమీటర్ల ఎత్తు, 56 కిలోల బరువున్న అమ్మాయిని తీసుకోండి. బీఎంఐ 24.2. అమెరికా పట్టికలో ఈమె మామూలు బరువు, 16 కిలోల దాకా పెరగొచ్చు. కానీ భారతీయులకి ఒకే బీఎంఐ దగ్గర కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉంటుందని, షుగర్ త్వరగా వస్తుందని, మన దేశంలో నిపుణులు 23 దాటగానే ఎక్కువ బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కపెట్టాలని 2009లోనే చెప్పారు. ఆ లెక్కన ఈ అమ్మాయి రెండో వరుసలోంచి మూడో వరుసలోకి జారి 7 నుంచి 11.5కి వచ్చేస్తుంది. ఒకే మనిషి, ఒకే కాటా, రెండు సలహాల మధ్య తేడా నాలుగు కిలోల పైనే. మీ డాక్టరు, మీ వదినగారి డాక్టరు వేర్వేరు మాటలు చెప్పారంటే ఒకరికి చదువు తక్కువని కాదు, బహుశా ఒకరు ఒక గీత, ఇంకొకరు ఇంకో గీత వాడుతున్నారు. నా మటుకు నాకు, ఇంట్లో షుగర్ చరిత్ర ఉండి నడుము దగ్గర లావున్నవాళ్లకి 23 గీత, లేనివాళ్లకి పాత గీత వాడటంలో తప్పు కనిపించదు, కానీ ఇది మీ డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం.

పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్ బృందం 1990ల నుంచి చేస్తున్న పని ఈ చర్చని ఇంకాస్త మెలిపెడుతుంది. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ బిడ్డలది 3.5. చూడటానికి మన పిల్లలు బక్కగా ఉన్నారు, కానీ కొలిచి చూస్తే తగ్గింది ఎక్కువగా కండ, అవయవాలు. చర్మం కింద కొవ్వు మాత్రం దాదాపు నిలిచే ఉంది. సన్నగా కనిపిస్తూనే కొవ్వు దాచుకున్న బిడ్డ అన్నమాట. అదే అధ్యయనంలో ఇంకోటి తేలింది. తల్లి తిన్న మొత్తం కేలరీలకీ బిడ్డ సైజుకీ పెద్దగా సంబంధం కనబడలేదు, ఆకుకూరలు, పళ్లు, పాలు ఎంత తరచుగా తిన్నదన్నదానితో కనబడింది. అంటే అన్నం మీద అన్నం వేసి కాటా ముల్లుని జరిపితే కార్డులో అంకె బాగుంటుంది, బిడ్డకి అందేది అందకపోవచ్చు.

మొత్తం కాదు, నడక

నన్నడిగితే "మొత్తం ఎంత" అన్న ప్రశ్నే కాస్త పక్కదారి పట్టించేది. మొత్తం తెలిసేది కాన్పు రోజున, అప్పుడు చేసేదేమీ ఉండదు. మధ్యలో పనికొచ్చేది వేగం. మొదటి మూడు నెలల్లో అరకిలో నుంచి రెండు కిలోలు పెరిగితే చాలు, వేవిళ్లు ఎక్కువుండి ఒకట్రెండు కిలోలు తగ్గినా సాధారణంగా కంగారు లేదు. కానీ మొదటి బరువులో 5 శాతం కన్నా ఎక్కువ పోతే, అంటే 50 కిలోల మనిషి 47.5 కన్నా దిగిపోతే, మంచినీళ్లు కూడా నిలవకపోతే, అది "అందరికీ ఉండేదేలే" అని ఊరుకునే వేవిళ్లు కాదు, ఆసుపత్రికి వెళ్లి సెలైన్ పెట్టించుకోవాల్సిన పరిస్థితి. ఆ తర్వాత నాలుగో నెల నుంచి మామూలు బరువున్నవాళ్లు వారానికి సుమారు 400 గ్రాములు, సన్నగా ఉన్నవాళ్లు అరకిలో, ఎక్కువ బరువున్నవాళ్లు 280 గ్రాములు, ఊబకాయం ఉన్నవాళ్లు 220 గ్రాములు. నెలకి లెక్కేసుకుంటే మామూలు మనిషికి రెండు కిలోలకి కాస్త అటూఇటూ, అంటే నర్సమ్మ లెక్క, యాప్ లెక్క ఇక్కడ దాదాపు కలుస్తాయి.

ఇద్దరు ఆడవాళ్లు చెరో 12 కిలోలు పెరిగారనుకుందాం. ఒకావిడ నెల నెలా మెల్లగా పెరిగింది. రెండో ఆవిడ ఏడో నెల దాకా కలిపి ఏడు కిలోలు, ఆ తర్వాత మూడు వారాల్లో ఐదు కిలోలు. యాప్ ఇద్దరికీ పచ్చరంగే చూపిస్తుంది. కానీ రెండో ఆవిడకి అదే రోజు బీపీ చూడాలి, మూత్రంలో ప్రొటీన్ చూడాలి, షుగర్ పరీక్ష కాకపోయి ఉంటే చేయాలి, ఉమ్మనీరు ఎంతుందో స్కాన్‌లో చూడాలి. అంత తక్కువ రోజుల్లో అంత కొవ్వు పట్టదు, పట్టేది నీరు. తలపోటు, కళ్లు మసకబారడం, డొక్కల పైన నొప్పి, మొహం చేతులు ఉబ్బడం దీనికి తోడైతే రేపటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు, 108కి ఫోన్ చేయాలి.

దీనికి మరో వైపు కూడా చెప్పాలి. సాయంత్రానికి పాదాలు వాయడం చాలామందిలో మామూలే. అలాగే బరువు పద్ధతిగా పెరుగుతూనే బీపీ ముదిరినవాళ్లూ ఉన్నారు. కాబట్టి కాటా బీపీ మిషన్‌కి బదులు కాదు. "బరువు బాగానే ఉంది కదా" అని బీపీ చూడకుండా పంపించేస్తే అడిగి చూపించుకోండి, మొహమాటం వద్దు. ఇంకో మాట, నీరు పట్టిందని ఉప్పు పూర్తిగా మానేసి చప్పిడి తిండి తినిపించడం వల్ల గుర్రపువాతం ఆగదు. నీళ్లు తగ్గించి తాగించడం ఇంకా తప్పు.

కార్డు తెగిపోయే చోటు

పుస్తకాల్లో పెద్దగా కనిపించని, మన దగ్గర మాత్రం రోజూ జరిగే సమస్య ఒకటుంది. తొలి కాన్పు పుట్టింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి అమ్మాయిని తీసుకెళ్తారు. ఆచారంగా చూస్తే ఎంత చక్కటిదో, ఆ సమయంలో అమ్మ దగ్గర ఉండటం ఎంత ధైర్యమో వేరే చెప్పక్కర్లేదు. కానీ రికార్డు వైపు నుంచి చూడండి. బీపీ ముదిరేది, ఉన్నట్టుండి నీరు చేరేది, బిడ్డ ఎదుగుదల మందగించేది ఎక్కువగా ఈ చివరి మూడు నెలల్లోనే. సరిగ్గా అప్పుడే ఊరు మారుతుంది, ఆసుపత్రి మారుతుంది, కాటా మారుతుంది. చెకప్ వివరాలన్నీ రాసే ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు) అత్తగారింట్లో బీరువాలో ఉండిపోతుంది, ప్రైవేటు ఫైలు ఇంకెక్కడో ఉంటుంది. కొత్త డాక్టరుకి కనిపించేది ఒక్క అంకె: 63 కిలోలు. అది ఎక్కణ్ణించి 63కి వచ్చిందో, ఎంత వేగంగా వచ్చిందో ఎవరికీ తెలియదు. "ముందు ఎంతుండేదానివమ్మా?" అంటే "యాభై ఉండేదాన్నేమో, పెళ్లప్పుడు చూసుకున్నా" అని జవాబు.

దీనికి విరుగుడు కష్టమేం కాదు. కార్డుని ఫోన్లో ఫోటో తీసి భర్తకీ అమ్మకీ వాట్సాప్‌లో పంపండి. బయల్దేరే ముందు ఎప్పుడూ చూసుకునే కాటా మీద ఒకసారి, పుట్టింటికి చేరిన ఒకట్రెండు రోజుల్లో అక్కడి కాటా మీద ఒకసారి చూసుకుంటే, మధ్యలో వచ్చే తేడా ఒంటిది కాదు, కాటాలదని తెలిసిపోతుంది. ముల్లు తిరిగే పాత కాటాలు కిలో, కిలోన్నర తేడా చూపించడం వింతేమీ కాదు. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడటం ఎవరైనా చేయగలిగిన పని. చెప్పులు తీసేసి, పొద్దున పూట, కడుపు నిండా టిఫిన్ తినకముందు, తేలికపాటి బట్టల్లో. పట్టుచీర కట్టుకుని, సీమంతం గాజులు రెండు చేతులకీ మోచేతుల దాకా వేసుకుని ఎక్కితే వచ్చే అంకెని నమ్మకండి.

అసలు మొదటి బరువు రాయించుకోవడమే అన్నిటికన్నా ముఖ్యం. నెల తప్పిందని తెలియగానే, 12 వారాల లోపు పేరు నమోదు చేయించుకోమని ప్రభుత్వం చెప్పడంలో ఒక ప్రయోజనం ఇదే. అప్పటికి బరువు ఇంకా పెద్దగా మారి ఉండదు, దాన్నే గర్భానికి ముందు బరువుగా తీసుకోవచ్చు. ఐదో నెలలో మొదటిసారి కాటా ఎక్కితే ఏ పట్టికా సరిగ్గా పనిచేయదు. మన దేశంలో కనీసం నాలుగు చెకప్‌లు తప్పనిసరి అంటారు. నాలుగు చుక్కలతో గీత గీస్తే దాంట్లో ఉన్నట్టుండి వచ్చిన ఎగుడుదిగుళ్లు కనపడవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఎనిమిది సార్లు చూడాలంది. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేసే కార్యక్రమం అదే ఏడాది నుంచి నడుస్తోంది, ఆ రోజు బరువు, బీపీ, మూత్రం, రక్తం అన్నీ ఒకేచోట అయిపోతాయి. ప్రైవేటులో చూపించుకుంటున్నా సరే, వెళ్లకూడదని రూలేమీ లేదు.

ఇంత చూడాలా అసలు?

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగమ్మాయిలు అక్కడి మిడ్‌వైఫ్ దగ్గరికి వెళ్లి, మొదటిసారి తప్ప మళ్లీ తనని ఎవరూ కాటా ఎక్కించడం లేదని ఫోన్లో అమ్మకి చెప్పి ఇద్దరూ టెన్షన్ పడుతుంటారు. అది అక్కడి నిర్లక్ష్యం కాదు. బరువు చూడటం వల్ల వైద్యంలో మార్పేదైనా వస్తుందంటేనే చూడండి, లేకపోతే ఊరికే మళ్లీ మళ్లీ చూసి ఆందోళన పెంచొద్దని 2010లో అక్కడి జాతీయ మార్గదర్శకం చెప్పింది. అమెరికాలో ఉన్న చెల్లెలికేమో ప్రతి విజిట్‌లోనూ కాటా. రెండు చోట్లా తెలివైనవాళ్లే ఉన్నారు, ఆధారాలు అంత నిక్కచ్చిగా లేవంతే.

ఎందుకు లేవో కూడా చెప్పుకోవాలి. 2017లో పదమూడు లక్షల మందికి పైగా గర్భిణుల లెక్కలు కలిపి చూసిన ఒక పెద్ద విశ్లేషణలో అమెరికా పట్టిక చెప్పిన దానికన్నా 23 శాతం మంది తక్కువ, 47 శాతం మంది ఎక్కువ పెరిగారు. అంటే పరిమితి లోపల ఉన్నవాళ్లు మూడోవంతు కూడా లేరు. తక్కువ పెరిగినవాళ్లకి చిన్న బిడ్డలు, నెలలు నిండని కాన్పులు కాస్త ఎక్కువ, ఎక్కువ పెరిగినవాళ్లకి పెద్ద బిడ్డలు, సిజేరియన్లు కాస్త ఎక్కువ. సంబంధం ఉంది, నిజమే. కానీ పెరిగిన బరువులో బిడ్డ కూడా ఉందని మొదట్లోనే అనుకున్నాం కదా. పెద్ద బిడ్డ ఉంటే తల్లి బరువు ఎక్కువే చూపిస్తుంది, నెల ముందే కాన్పయితే పెరగడానికి టైమే ఉండదు. కారణం ఏది, ఫలితం ఏది అన్నది అంత తేలిగ్గా విడదీయలేం. కాబట్టి పరిమితికి రెండు కిలోలు అటో ఇటో అయినంత మాత్రాన బిడ్డకి ఏదో అయిపోతుందని రాత్రిళ్లు నిద్ర మానుకోవాల్సిన పనిలేదు.

అలాగని మన దగ్గర కాటా తీసేయమని నేననను. ఇంగ్లండ్‌లో స్కాన్, బీపీ, రక్త పరీక్ష అందరికీ ఒకే తీరుగా అందుతాయి. మన దగ్గర ఏజెన్సీ గూడెంలో ఉన్న గర్భిణికి నెలలో అందేది ఒక్కోసారి కాటా, బీపీ మిషనే. పైగా రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అక్కడ రెండు నెలలుగా బరువు కదలలేదంటే అది చాలా చెబుతుంది.

బరువు పెరగనివాళ్ల సంగతి ముందు చూద్దాం. పోషకాహార సంస్థ లెక్కన గర్భిణికి రోజుకి అదనంగా కావాల్సింది 350 కేలరీలు, ఇద్దరికి సరిపడా తిండి కాదు. ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు, గుప్పెడు పల్లీలు తింటే దాదాపు అక్కడికి వస్తుంది. చివరి మూడు నెలల్లో ప్రొటీన్ రోజుకి 22 గ్రాములు అదనంగా కావాలంటారు, దానికి పప్పు, గుడ్డు, పెరుగు, చేప ఉండగా వెయ్యి రూపాయల పౌడర్ డబ్బా తప్పనిసరేం కాదు. ప్రొటీన్ మరీ ఎక్కువగా ఉండే సప్లిమెంట్లు గర్భిణులకి వద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్వాడీలోనే కూర్చోబెట్టి ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. ఇంటికిచ్చే సరుకు కన్నా ఇది మెరుగని నా అభిప్రాయం, ఎందుకంటే ఇంటికి తెచ్చిన గుడ్లు పెద్ద పిల్లాడి కంచంలోకి, మామగారి కంచంలోకి వెళ్లిపోతాయి, అడిగేవాళ్లుండరు. తిండి బాగానే ఉన్నా బరువు కదలకపోతే రక్తహీనత, థైరాయిడ్, టీబీ లాంటివి చూడాలి, పొట్ట ఎత్తు కొలవాలి, అవసరమైతే బిడ్డ ఎదుగుదలకి స్కాన్ తీయాలి.

ఎక్కువ పెరుగుతున్నవాళ్ల విషయంలో జరిగే పెద్ద పొరపాటు భయపడి తిండి మానేయడం. గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటల తర్వాత చూసిన షుగర్ 140 దాటిందని చెప్పగానే అన్నం పూర్తిగా ఆపేసి, రెండు చపాతీలతో రోజు గడిపేసేవాళ్లు ఉన్నారు. తర్వాతి చెకప్‌కి బరువు తగ్గితే ఇంట్లో అందరూ మెచ్చుకుంటారు కూడా. మెచ్చుకోవాల్సింది కాదది. ఊబకాయం ఉన్నవాళ్లకి కూడా అమెరికా పట్టికలో కనీసం ఐదు కిలోలు పెరగాలనే ఉంది, డైటింగ్‌కి ఇది సమయం కాదు. అన్నం కొలత తగ్గించి కూర, పప్పు పెంచడం, కూల్‌డ్రింకులు, బేకరీ సరుకు, పళ్లరసాలు ఆపడం, డాక్టరు వద్దనకపోతే రోజూ అరగంట నడవడం, వీటితోనే చాలామందికి గీత దారిలోకి వస్తుంది. బరువు చూసి చీవాట్లు పెట్టే డాక్టర్ల గురించి కూడా ఒక మాట అనాలి: చీవాట్ల భయానికి చెకప్‌కే రావడం మానేసిన గర్భిణికి బీపీ చూసేదెవరు?

కాన్పు కాగానే బిడ్డ, మాయ, ఉమ్మనీరు కలిసి ఐదు కిలోల దాకా వెంటనే దిగిపోతాయి. తర్వాతి వారాల్లో చేరిన నీరు పోతుంది. మిగిలింది నెలల తరబడి మెల్లగా పోవాలి, పోనిది ఒంట్లోనే ఉండిపోయి తర్వాతి గర్భానికి మొదటి అంకె అవుతుంది. స్వీడన్‌లో లక్షన్నర మంది తల్లుల మీద 2006లో వచ్చిన అధ్యయనంలో రెండు కాన్పుల మధ్య బీఎంఐ మూడు యూనిట్లు, అంటే 152 సెంటీమీటర్ల మనిషికి ఏడు కిలోలు, పెరిగినవాళ్లకి రెండో గర్భంలో బీపీ, షుగర్, కడుపులోనే బిడ్డ చనిపోవడం వంటి ముప్పులు పెరిగాయి, మొదట్లో వాళ్లు లావు కాకపోయినా సరే. బిడ్డకి ఆరు, పది, పద్నాలుగు వారాలకి టీకాలుంటాయి. అక్కడ బిడ్డని తూచేటప్పుడు పెద్దవాళ్ల కాటా కూడా పక్కనే ఉంటుంది, తల్లి కూడా ఎక్కి ఆ అంకెని అదే కార్డులో రాయించుకోవచ్చు.